వాకర్, జానీ, జీనత్.. పెద్దపులులు అడవి దాటి వందల కిలోమీటర్లు ఎందుకు నడుస్తాయి?

చలికాలం మొదలైందంటే ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా నుంచి ఒకే తరహా వార్తలు వరుసగా వస్తుంటాయి. ఫలానా మండలంలో పెద్దపులి సంచారం.. వాగు ఒడ్డున పాదముద్రలు.. మేతకు వెళ్లిన ఆవుపై దాడి.. పత్తి చేనుకు వెళ్లేందుకు జంకుతున్న కూలీలు. రెండు రోజులకు పక్క మండలం, వారం తిరిగేసరికి పక్క జిల్లా. స్క్రోలింగ్ చూసేవాళ్లకు అడుగడుగునా పులులే ఉన్నాయేమో అనిపిస్తుంది. చాలాసార్లు తిరిగేది ఒక్క పులే.

ఈ వార్తల్లో తరచూ వినిపించే మాట ‘దారి తప్పిన పులి’. అసలు తిరకాసంతా ఆ మాటలోనే ఉంది. ఆ పులి చాలావరకు దారి తప్పి రాదు. సొంతంగా బతకడానికి ఓ చోటు కోసం, లేదంటే తోడు కోసం వెతుక్కుంటూ వస్తుంది. అది ఎటు నుంచి ఎటు పోతుందో అటవీ శాఖకు కూడా చాలావరకు తెలుసు. కాకపోతే ఆ దారిలో ఇప్పుడు పత్తి చేలు, గూడేలు, రైలు పట్టాలు, నాలుగు లేన్ల రోడ్లు ఉన్నాయి. చిక్కు అక్కడే మొదలవుతోంది.

వాకర్.. 3 వేల కిలోమీటర్ల నడక

పులి ఎంత దూరం నడవగలదో మన దేశంలో లెక్కతో సహా చూపించిన పులి ఒకటుంది. మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో, మన ఆదిలాబాద్ సరిహద్దుకు దగ్గర్లో టిపేశ్వర్ అభయారణ్యం ఉంది. విస్తీర్ణం 148 చదరపు కిలోమీటర్లు. పులుల లెక్కన చూస్తే ఇది ఇరుకు ఇల్లే. అక్కడ టీ1 అనే ఆడపులికి 2016 చివర్లో పుట్టిన మగపిల్లల్లో ఒకదాని పేరు టీ1సీ1. 2019 ఫిబ్రవరిలో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు దాని మెడకు రేడియో కాలర్ కట్టారు.

వానాకాలం మొదలయ్యే వేళ, జూన్‌లో అది టిపేశ్వర్ వదిలి బయల్దేరింది. మహారాష్ట్రలోని పలు జిల్లాలు తిరిగింది. మధ్యలో తెలంగాణలోకి వచ్చి ఆదిలాబాద్ జిల్లా కూడా చూసి వెళ్లింది. పైన్‌గంగా అభయారణ్యం మీదుగా సాగి, చివరకు 2019 డిసెంబర్ మొదట్లో బుల్ఢాణా జిల్లాలోని జ్ఞానగంగ అభయారణ్యానికి చేరింది. అప్పటికే 1,300 కిలోమీటర్లు నడిచినట్టు తేలింది. మ్యాపు మీద గీత గీస్తే టిపేశ్వర్ నుంచి జ్ఞానగంగకు 250 కిలోమీటర్లు కూడా ఉండదు. అంటే అది తిన్నగా వెళ్లలేదు. ఓ వాగు పట్టుకుని కొంత దూరం పోయి, నచ్చక వెనక్కి వచ్చి, ఇంకో వైపు తిరిగి.. అలా వంకరటింకరగా వెతుక్కుంటూ పోయింది. అద్దె ఇంటి కోసం ఊరంతా తిరిగేవాళ్ల పరిస్థితి లాంటిదే.

జ్ఞానగంగ చేరాక కూడా ఆ చుట్టుపక్కల తిరుగుతూనే ఉంది. మొత్తం 9 నెలల్లో 3 వేల కిలోమీటర్లు దాటింది. కాలర్ గంటగంటకూ పంపిన సమాచారంతో 5 వేలకు పైగా చోట్ల దాని జాడ నమోదైంది. పేరు కూడా అలాగే వచ్చింది.. వాకర్.

ఈ మొత్తం ప్రయాణంలో గమనించాల్సిన సంగతి వేరే ఉంది. ఊళ్ల పక్క నుంచి, పొలాల్లోంచి, హైవేలు దాటుకుంటూ పోయిన ఆ పులి వల్ల మనిషికి గాయమైన సంఘటన ఒక్కటే. పొదలో పడుకున్నది ఏమిటో చూద్దామని లోపలికి వెళ్లిన వ్యక్తికి స్వల్ప గాయాలయ్యాయి. మిగతా దారంతా అది పగలు పొదల్లో, వాగు గట్ల నీడన పడుకుని రాత్రిళ్లు నడిచింది. అడవి పందులను, అప్పుడప్పుడు పశువులను తిని బతికింది. దాని పక్క నుంచే రోజూ చేనుకు వెళ్లి వచ్చిన వాళ్లలో ఎంతమందికి ఆ విషయం తెలిసి ఉంటుందో!

2020 ఏప్రిల్‌లో బ్యాటరీ అయిపోవస్తుండటంతో కాలర్ తీసేశారు. 205 చదరపు కిలోమీటర్ల జ్ఞానగంగలో జింకలు, అడవి పందులు, చిరుతలు ఉన్నాయి. ఇంకో పులి మాత్రం లేదు. ఇంత నడిచి చేరిన చోట దానికి తోడు లేకుండా పోయింది. అక్కడికి ఓ ఆడపులిని తేవాలా వద్దా అని అధికారులు అప్పట్లో చర్చించారు కూడా.

ఇంతకీ ఇల్లు వదిలి ఎందుకు పోతుంది?

పులి పిల్ల ఏడాదిన్నర నుంచి రెండేళ్ల దాకా తల్లితోనే ఉంటుంది. వేట నేర్చుకునేది అప్పుడే. తల్లి మళ్లీ పిల్లల్ని కనే సమయానికి పాత పిల్లలు బయటికి నడవాల్సిందే. అక్కడి నుంచి ఆడపిల్ల, మగపిల్ల దారులు వేరు. ఆడపులి వీలైతే తల్లి ఉన్న అడవి అంచునే, కొన్నిసార్లు తల్లి ఇలాకాలో ఓ ముక్క పంచుకుని స్థిరపడుతుంది. మగపులికి ఆ అవకాశం ఉండదు. అక్కడ అప్పటికే ఓ పెద్ద మగపులి ఉంటుంది. దాని కంట పడితే ప్రాణాలకే ముప్పు. నేపాల్‌లోని చిత్వాన్ అడవుల్లో చేసిన పరిశోధనలో మగపులులు సగటున 33 కిలోమీటర్ల దూరం వెళ్లి స్థిరపడితే, ఆడపులులు 10 కిలోమీటర్లలోపే ఆగిపోయినట్టు తేలింది. తోబుట్టువులు ఒకే చోట జతకట్టకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు అనుకోవచ్చు.

పులి తన ఇలాకాకు హద్దులు పెట్టుకునే పద్ధతి కూడా తెలుసుకోవాలి. చెట్ల మొదళ్ల మీద మూత్రం చిమ్ముతుంది. చెట్ల బెరడు గోళ్లతో గీరుతుంది. నేలను కాళ్లతో గోకుతుంది. కొత్తగా వచ్చిన పులికి ఆ వాసన చదవడం వచ్చు. ఇక్కడ యజమాని ఉన్నాడా, ఎప్పుడు వచ్చి పోయాడు, ఆడపులి ఉందా అనేవన్నీ అందులోనే ఉంటాయి. యజమాని ఉంటే పక్కకు తప్పుకుని ముందుకు పోతుంది. ఖాళీ దొరికేదాకా అంతే. దుప్పులు, అడవి పందులు బాగా ఉన్న చోట ఆడపులికి 20 చదరపు కిలోమీటర్లు సరిపోవచ్చు. మగపులి ఇద్దరు ముగ్గురు ఆడపులుల ఇలాకాలను కలుపుకుని అంతకు కొన్ని రెట్లు తిరుగుతుంది. మేత జంతువులు తక్కువైతే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు పొరుగు రాష్ట్రం లెక్క చూద్దాం. మహారాష్ట్రలో 2014 గణన ప్రకారం 190 పులులు. 2018లో 312. 2022లో 444. ఎనిమిదేళ్లలో రెట్టింపు కంటే ఎక్కువ. చంద్రాపూర్ జిల్లాలోని తడోబా–అంధారి టైగర్ రిజర్వ్‌లోనే 2022లో 97 ఉన్నాయి. రిజర్వ్ బయట, ఊళ్ల మధ్య అడవుల్లో తిరిగేవి వేరే. అదే సమయంలో తెలంగాణ లెక్క 26 నుంచి 21కి తగ్గింది. ఒకవైపు నిండిన కుండ, ఇంకోవైపు వెలితి కుండ. మధ్యలో అడవి దారి ఉంది. పులులు ఇటు రావడంలో ఆశ్చర్యం ఏముంది?

కాగజ్‌నగర్.. కారిడార్ అనుకున్నది ఇల్లయింది

కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించారు. కోర్ 893 చదరపు కిలోమీటర్లు, బఫర్ 1,123. మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల మధ్య పరుచుకున్న టేకు అడవి అది. తడోబాలో పెరిగిన పులులు వచ్చి ఇక్కడ నిలదొక్కుకుంటాయన్నది అప్పటి ఆశ. అవి వచ్చే దారులు ప్రధానంగా రెండు. ఒకటి టిపేశ్వర్ వైపు నుంచి పెన్‌గంగ దాటి ఆదిలాబాద్ జిల్లా భీంపూర్, తాంసి, జైనథ్ మండలాల మీదుగా. రెండోది తడోబా, చంద్రాపూర్ నుంచి దక్షిణంగా దిగి, వార్ధా, ప్రాణహిత నదులు దాటి సిర్పూర్ (టి), కాగజ్‌నగర్, బెజ్జూరు అడవుల మీదుగా తిర్యాణి వైపు. నది అడ్డం కదా అనుకుంటాం. పులికి ఈత బాగా వచ్చు. ఎండాకాలం నీళ్లు తగ్గితే ఆ అవసరం కూడా ఉండదు.

జరిగింది ఏమిటంటే.. పులులు కవ్వాల్ దాకా పోకుండా దారిలోనే ఆగిపోయాయి. పదేళ్ల కిందట తడోబా వైపు నుంచి వచ్చిన ఫాల్గుణ అనే ఆడపులి కాగజ్‌నగర్ డివిజన్ అడవిలోనే పిల్లల్ని కని స్థిరపడింది. కదంబ అడవి, పాలరాపు గుట్ట పేర్లు అప్పటి నుంచే వార్తల్లోకి వచ్చాయి. ఆ పిల్లలు పెరిగి మళ్లీ పిల్లల్ని పెట్టాయి. కాగితాల మీద కారిడార్‌గా ఉన్న అడవి పులులకు పుట్టిల్లయింది. రిజర్వ్ అని బోర్డు పెట్టిన కవ్వాల్ కోర్‌లో మాత్రం పులి వచ్చి పోవడమే తప్ప నిలవడం తక్కువ. పశువుల మేత, మనుషుల రాకపోకలు, లోపలి ఊళ్లు అందుకు కారణాలుగా చెబుతారు. కడెం మండలంలోని మైసంపేట, రాంపూర్ గ్రామాలను కోర్ నుంచి బయటకు తరలించింది ఇందుకే.

తేడా ఎక్కడ వస్తుందంటే, టైగర్ రిజర్వ్‌కు ఇచ్చేంత సిబ్బంది, నిధులు, బేస్ క్యాంపులు మామూలు ప్రాదేశిక అటవీ డివిజన్‌కు ఉండవు. పైగా కాగజ్‌నగర్ అడవిని కాజీపేట–బల్లార్షా రైలు మార్గం కోసుకుంటూ పోతుంది. మంచిర్యాల–చంద్రాపూర్ జాతీయ రహదారి కూడా అటే. అడవి ముక్కల మధ్య అంతా పత్తి.

జానీ పెట్టిన పరుగు

2024 అక్టోబర్‌లో మహారాష్ట్ర నాందేడ్ జిల్లా కిన్వట్ వైపు నుంచి ఓ మగపులి ఆదిలాబాద్ జిల్లా బోథ్ ప్రాంతంలోకి దిగింది. వయసు ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఉంటుందని అంచనా. అధికారులు పెట్టిన పేరు జానీ. అక్కడి నుంచి నిర్మల్ జిల్లా కుంటాల, సారంగపూర్, మామడ, పెంబి మండలాలు చుట్టింది. హైదరాబాద్–నాగ్‌పూర్ 44వ నంబర్ హైవేను రాత్రి పూట దాటింది. తర్వాత ఉట్నూరు మీదుగా తూర్పు అడవుల వైపు సాగింది. నెల రోజుల్లో 200 నుంచి 300 కిలోమీటర్ల దాకా నడిచినట్టు అంచనా వేశారు. దారిలో ఐదు పశువులను చంపింది. మనుషుల జోలికి పోలేదు.

వాకర్‌ది చోటు కోసం వెతుకులాట అయితే, ఈ వయసు పులిది తోడు కోసం వెతుకులాట అని అటవీ అధికారులు చెప్పారు. మగపులులు చలికాలంలో ఇలా తిరగడం మామూలేనట. సోషల్ మీడియాలో అప్పట్లో ‘లవర్ బాయ్’ అంటూ మీమ్స్ కూడా వచ్చాయి. ఆ ఐదు పశువులు పోగొట్టుకున్న ఇళ్లలో ఎవరికీ నవ్వు వచ్చి ఉండదు.

నవంబర్.. పత్తి.. పులి

2020 నవంబర్‌లో ఆసిఫాబాద్ జిల్లా దహెగాం మండలంలో ఓ యువకుడిని పులి చంపింది. అదే నెలలో పెంచికల్‌పేట మండలంలో పత్తి ఏరుతున్న యువతి చనిపోయింది. నాలుగేళ్ల తర్వాత మళ్లీ నవంబరే. 2024 నవంబర్ 29న కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేలో పనిచేస్తున్న మహిళ పులి దాడిలో ప్రాణాలు కోల్పోయింది. మర్నాడు సిర్పూర్ (టి) మండలంలో ఓ రైతుపై దాడి జరిగింది. ఆయన తీవ్ర గాయాలతో బతికి బయటపడ్డారు.

నెల, పంట రెండూ కలవడం ఊరికే జరగలేదు. నవంబర్ నాటికి పత్తి చేను నడుం దాటి ఎదిగి ఉంటుంది. అడవి అంచు నుంచి వాగు దాకా చేలన్నీ కలిసిపోయి ఒకే పచ్చటి తెరలా కనిపిస్తాయి. నడిచే పులికి పగలు తలదాచుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. సరిగ్గా అప్పుడే పత్తి ఏరడం మొదలవుతుంది. తెల్లవారగానే కూలీలు చేలో దిగుతారు. నడుం వంచి, తల దించి, ఒక్కో సాలు పట్టుకుని పోతుంటారు. వంగి ఉన్న మనిషి రెండు కాళ్ల మీద నిలబడ్డ మనిషిలా కనిపించడు. వెనక నుంచి చూస్తే ఏదో జంతువు అన్నట్టే ఉంటుంది. పులికి మనుషులంటే సహజంగానే బెదురు. ఆ బెదురు పనిచేయాలంటే ఎదుట ఉన్నది మనిషని ముందు దానికి తెలియాలి కదా.

2024 దాడి తర్వాత అటవీ శాఖ చేసిన సూచనలన్నీ ఈ లెక్క మీదే ఉన్నాయి. ఉదయం 10 తర్వాతే చేనుకు వెళ్లాలి, సాయంత్రం 4లోపు తిరిగి రావాలి. ఒంటరిగా కాకుండా గుంపుగా వెళ్లాలి. మాట్లాడుకుంటూ, చప్పుడు చేస్తూ పనిచేయాలి. కాగజ్‌నగర్ ప్రాంతంలో కూలీలకు మనిషి ముఖం బొమ్మ ఉన్న మాస్కులు కూడా పంచారు. ముఖానికి కాదు, తల వెనక కట్టుకోవడానికి. పులి సాధారణంగా వెనక నుంచే వస్తుంది. వెనక్కి చూసినా ముఖమే కనిపిస్తే వెనకాడుతుందన్న ఆలోచన. పశ్చిమ బెంగాల్ సుందర్బన్స్‌లో తేనె కోసం, చేపల కోసం వెళ్లేవాళ్లతో 1980ల్లోనే ఈ ప్రయోగం చేశారు.

చెప్పడానికి బాగానే ఉంటుంది. కానీ పత్తి ఏరే కూలీకి కిలోల లెక్కన డబ్బులిస్తారు. మంచు ఆరకముందే చేలో దిగితేనే నాలుగు కిలోలు ఎక్కువ వస్తుంది. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా అంటే కూలి సగానికి పడిపోయినట్టే. పులి భయానికి కట్టే ఈ వెల ఏ నష్టపరిహారం జాబితాలోనూ లేదు.

విషం, కరెంటు తీగ

పులి వైపు నుంచి చూస్తే కూడా ఈ దారి సుఖమైనదేం కాదు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ మండలం దరిగాం అడవిలో రెండు రోజుల తేడాతో రెండు పులులు చనిపోయి కనిపించాయి. పులి చంపిన పశువు కళేబరానికి విషం పెట్టిన వ్యవహారం దర్యాప్తులో బయటపడింది. 2025 మేలో పెంచికల్‌పేట అడవుల్లో ఓ ఆడపులి కరెంటు తీగలకు బలైంది. చర్మం, గోళ్లు కూడా తీసేశారు.

కరెంటు తీగలు ఎక్కువగా అడవి పందుల కోసం పెట్టేవి. పులి కోసం పెట్టకపోయినా పులి అటే వస్తుంది, ఎందుకంటే పంది వచ్చే దారే దాని దారి. విషం అలా కాదు. అది తెలిసి చేసే పని. దాని వెనక పగ కంటే ఎక్కువగా ఉండేది దుక్కిటెద్దు పోయిన రైతు నిస్సహాయత. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పులిని చంపితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు.

జీవో 49 ఎందుకు ఆగింది?

కాగజ్‌నగర్ కారిడార్‌కు చట్టబద్ధ రక్షణ కల్పించాలని తెలంగాణ ప్రభుత్వం 2025 మే 30న జీవో 49 ఇచ్చింది. కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్ పేరుతో దాదాపు 1,493 చదరపు కిలోమీటర్ల అడవిని నోటిఫై చేసింది. కన్జర్వేషన్ రిజర్వ్ అంటే అభయారణ్యం కాదు, నేషనల్ పార్కు కాదు. రెండు రక్షిత ప్రాంతాలను కలిపే ప్రభుత్వ భూమిని కాపాడటానికి చట్టంలో ఉన్న కాస్త మెతక ఏర్పాటు అది. స్థానికులతో సంప్రదించాకే ప్రకటించాలని కూడా చట్టంలోనే ఉంది.

అడవిలో ఉంటున్న ఆదివాసీలు దీన్ని అలా చూడలేదు. ఇవాళ రిజర్వ్ అంటారు, రేపు ఊళ్లు ఖాళీ చేయమంటారు, పోడు భూముల సంగతి ఏంటి అన్నది వాళ్ల ప్రశ్న. కవ్వాల్‌లో ఊళ్లు తరలించిన సంగతి కళ్లముందే ఉంది. గ్రామసభల అనుమతి తీసుకోలేదంటూ ఆసిఫాబాద్ జిల్లాలో ఆందోళనలు, బంద్ జరిగాయి. జులైలో ప్రభుత్వం జీవోను నిలిపివేసింది. జీవో వచ్చినా ఆగినా పులుల నడక ఆగదు. కానీ గూడెంలో వాళ్లతో ముందే కూర్చుని మాట్లాడి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్న మాట కూడా కొట్టిపారేయలేనిది. రేపు పులి కనిపిస్తే అటవీ శాఖకు కబురు చెప్పాల్సింది ఆ గూడెం వాళ్లే.

పట్టుకుని వేరే అడవిలో వదిలేయొచ్చు కదా?

ప్రతి సంఘటన తర్వాత వచ్చే డిమాండ్ ఇది. చెప్పినంత తేలిక కాదనడానికి ఉదాహరణలు చాలానే ఉన్నాయి.

2020 దాడులకు కారణమని అనుమానించిన పులి కోసం 2021 జనవరిలో బెజ్జూరు అడవుల్లో మత్తు తుపాకులతో కాపు కాశారు. అది చిక్కలేదు. ఏపీలో 2022 మే చివర్లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో పెద్దపులి కనిపించింది. పోలవరం కాలువ గట్లు, మెట్ట పొలాలు, గుట్టల మధ్య నెలకు పైగా తిరిగింది. పశువులను చంపింది. బోనులు పెట్టారు, ఎర వేశారు. అది బోను వైపు చూసీ చూడనట్టు పోయింది. తర్వాత అనకాపల్లి జిల్లా, అక్కడి నుంచి విజయనగరం జిల్లా.. తనకు తానే తరలిపోయింది. తూర్పు కనుమల వెంబడి ఒడిశా వరకు అడవి ఉన్న సంగతి మనం మర్చిపోయినా దానికి గుర్తుంది.

పట్టుకుని వదిలితే ఏమవుతుందో జీనత్ చూపించింది. మూడేళ్ల ఈ ఆడపులిని తడోబా నుంచే 2024 నవంబర్‌లో ఒడిశాలోని సిమిలీపాల్‌కు తరలించారు. అక్కడి పులుల్లో కొత్త రక్తం కలవాలన్నది ఉద్దేశం. అడవిలో వదిలిన రెండు వారాలకే అది ఝార్ఖండ్‌లో తేలింది. అక్కడి నుంచి పశ్చిమ బెంగాల్‌లోకి వెళ్లి ఝాడ్‌గ్రామ్, పురూలియా, బాంకురా జిల్లాలు తిరిగింది. మెడకు కాలర్ ఉంది, వెనక మూడు రాష్ట్రాల సిబ్బంది ఉన్నారు. అయినా డిసెంబర్ 29న మత్తు ఇచ్చి పట్టుకునే దాకా దాదాపు మూడు వారాలు, 300 కిలోమీటర్లు. పులిని తెచ్చి ఇదే నీ ఇల్లు అంటే అది వినదు. కూనోలో వదిలిన ఆఫ్రికా చీతాలు కూడా పార్కు దాటి పొలాల్లో తేలడం మనం చూసిందే.

ఇది పులుల సంగతే కాదు. స్లొవేనియాలో కాలర్ కట్టిన స్లావ్చ్ అనే తోడేలు 2011 చివర్లో బయల్దేరి, ఆల్ప్స్ పర్వతాలు దాటి, వెయ్యి కిలోమీటర్లకు పైగా నడిచి ఇటలీలోని వెరోనా దగ్గర ఆడతోడేలును కలిసింది. అమెరికాలో దక్షిణ డకోటా నుంచి బయల్దేరిన ఓ ప్యూమా 2011 జూన్‌లో కనెక్టికట్‌లో కారు కింద పడి చనిపోయింది. డీఎన్‌ఏ పరీక్షలో దాని సొంతూరు తెలిసి శాస్త్రవేత్తలే నోరెళ్లబెట్టారు. దూరం 2,400 కిలోమీటర్ల పైమాటే.

అందుకే పట్టుకోవడం ఆఖరి మార్గంగానే ఉండాలని జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ముందు కెమెరాలు, పాదముద్రలతో పులిని గుర్తించాలి. అది వెళ్లే దారి ఖాళీగా ఉంచాలి. అవసరమైతే జనం గుమికూడకుండా నిషేధాజ్ఞలు పెట్టాలి. మత్తు ఇవ్వాలన్నా, బంధించాలన్నా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. నడుస్తున్న పులిని నడవనిస్తే చాలావరకు నాలుగైదు రోజుల్లో ఊరు దాటిపోతుంది. జనం వందల మంది వెంటపడి, సెల్‌ఫోన్లతో చుట్టుముడితేనే దారి మూసుకుపోయి తిరగబడుతుంది.

రోడ్ల విషయంలో దారి చూపించిన చోటు కూడా మన హైవే మీదే ఉంది. ఇదే 44వ నంబర్ రహదారి మహారాష్ట్రలో పెంచ్ అడవిని దాటే చోట రోడ్డును ఎత్తు మీద కట్టి, కింద జంతువులకు దారి వదిలారు. వాటిలో పొడవైనది 750 మీటర్లు. కింద పెట్టిన కెమెరాల్లో పులులు రోజువారీ రాకపోకలు సాగిస్తున్నట్టు కనిపించింది. కట్టడానికి ముందు ఇంత ఖర్చు ఎందుకన్నవాళ్లూ ఉన్నారు.

ఆనవాళ్లు కనిపిస్తే..

పాదముద్రలో ముందు చూడాల్సింది గోళ్ల గుర్తులు. కుక్క అడుగులో గోళ్లు పడతాయి. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి పడవు. చిరుత అడుగు చిన్నది, పులిది దానికి రెట్టింపులా అనిపిస్తుంది. మగపులి ముద్ర కాస్త చదరంగా, ఆడపులిది కోలగా ఉంటుంది. ముద్రను చెరపకుండా మీద గంప బోర్లించి బీట్ ఆఫీసర్‌కు చెబితే, అది ఎటు పోయిందో చెప్పగలరు.

పశువును చంపితే పులి మళ్లీ వస్తుంది. ఒకే రాత్రిలో మొత్తం తినలేదు కాబట్టి మూడు నాలుగు రోజులు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. కాబట్టి కళేబరం దగ్గరికి పోకూడదు, దాన్ని జరపకూడదు. జరిపితే పులి తిండి కోసం ఇంకో పశువును వెతుక్కుంటుంది. పరిహారానికి కూడా ఇది అడ్డే. అటవీ సిబ్బంది కళేబరాన్ని చూసి, ఫొటోలు తీసి, పశువైద్యుడు విలువ కట్టాకే దరఖాస్తు ముందుకు కదులుతుంది.

మనిషి చనిపోతే ఇచ్చే పరిహారాన్ని కేంద్రం 2023 డిసెంబర్‌లో 5 లక్షల రూపాయల నుంచి 10 లక్షలకు పెంచింది. పశువు విషయంలో రైతులు అడిగేది మొత్తం కంటే ముందు, రోజుల సంగతి. ఎద్దు పోయింది నవంబర్‌లో అయితే యాసంగి దుక్కికి ఇంకో ఎద్దు కావాలి. పరిహారం ఎండాకాలంలో వస్తే లాభం లేదు. దాడి జరిగిన రోజే సిబ్బంది వచ్చి పంచనామా రాసి, ఎంతో కొంత చేతిలో పెట్టిన చోట కళేబరం మీద పురుగుల మందు పోసే ఆలోచన రావడం తక్కువ. ఆ మొదటి రెండు రోజులే కీలకమని ఫీల్డ్‌లో పనిచేసే సిబ్బంది మాట.